పదకొండో ఛానెల్

నవంబరు మొదటి ఆదివారం.
మంచు ఇంకా దారిలోనే ఉంది,
సుపీరియర్ సరస్సు మీది గాలి మాత్రం
ముందే వచ్చి కూర్చుంది
ఆర్డిస్ ట్వెయిట్ గ్యారేజీలో.

నాకప్పుడు పదమూడేళ్ళు. టార్చి పట్టుకోవడం నా పని.
"నా చేతి మీద కాదు సిగ్నీ,
నా చెయ్యి వెళ్ళబోయే చోట వెయ్యి."

ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సుల ఇంజన్లు విప్పి కట్టిన మనిషి.
పని మానేశాక ఇంటి కప్పుకీ రెండు స్ప్రూస్ చెట్లకీ
పాటకు తగ్గట్టు వెలగడం నేర్పింది.
పచ్చ డబ్బాలు నాలుగు, ఒక్కోదానికి పదహారు ఛానెళ్ళు,
వాటి మధ్య ఫోను తీగంత సన్నటి కేబుల్,
అన్నిటికీ అవతల, వంటింటి బల్ల మీద
ఒక కీలు ఊడిన లాప్‌టాప్.

మూత విప్పే ముందు ప్లగ్గు పీకేది.
పీకింది గోడ దగ్గర వదిలేసేది కాదు,
తీగతో సహా లాక్కొచ్చి ఒళ్ళో పెట్టుకునేది
అలిగిన పిల్లిని తెచ్చుకున్నట్టు.
"ఇది నా కళ్ళెదురుగా ఉన్నంతసేపే
ఆ డబ్బా నాకు చుట్టం."

ఆ ఏడు మొదటి డబ్బాలో ఎలుక కాపురం:
గోడల్లోంచి పీకిన పీచు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు,
పంటిగాట్ల కింద ఎర్రగా బయటపడ్డ రాగి.
రెండోదాంట్లో వేసవి తాలూకు చెమట,
స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము.
గీకింది. ఒక్కో స్క్రూ పావు చుట్టు బిగించింది.
ఒక్కో తీగా మెల్లిగా లాగి చూసింది,
పాలపన్ను కదిలించి చూసినట్టు.

"ఫ్యూజు పోయిందిగా, పెద్దది వేస్తే మళ్ళీ పోదుగా?" అన్నాను.
"ఇల్లు కాలే ముందు అరిచేవాడి
నోరు కుట్టేస్తావా?"
అదే అంకె ఉన్నదాన్ని వెతికి వేసింది. అరగంట పట్టింది.

బయట గోడ మీద డబ్బాల నోళ్ళన్నీ నేలవైపే.
ప్రతి తీగా లోపలికి ఎక్కేముందు
ఓసారి కిందికి జారి, వంపు తిరిగి లేవాలి.
నీరు పల్లమెరుగు.
మనం చేసిపెట్టకపోతే
డబ్బానే పల్లం చేసుకుంటుంది.

తడి తగిలితే తనంతట తానే తెగే సాకెట్టు ఉంటుందే,
దాని బొత్తాం నొక్కింది. టక్.
మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ నొక్కింది. టక్.
"ఇక్కడ పిరికిదే కావాలి నాకు."

చీకటి పడ్డాక అన్నీ వెలిగించాం.
అన్నీ ఆర్పేశాం, లాప్‌టాప్ మీంచి, నా వేలితోనే.
కప్పు ఆరింది. చెట్లు ఆరాయి.
ఎడమ స్ప్రూస్ మొదట్లో నీలం దండ మాత్రం
ఆరనూ లేదు, వెలగనూ లేదు,
నిద్రలో అరమూసిన కన్నులా.
పదకొండో ఛానెల్.
తెర మీద సున్నా అనే ఉంది.

ఊడదీద్దామని పరిగెత్తబోయాను.
ఎడంచేత్తో భుజం పట్టి ఆపింది.
మూడు వేళ్ళే పట్టుకున్నాయి.
చిటికెనవేలూ దాని పక్కదీ
చేతి తొడుగులో కూడా నిటారుగానే ఉండేవి ఎప్పుడూ.
ఎందుకని నేను అడగలేదు ఏనాడూ.

"ఆ ఏడు కూడా తెర మీద సున్నానే ఉంది," అంది.

ప్లగ్గు పీకింది. కోటు జేబులో దోపుకుంది.
లోపల ఆర్పేది స్విచ్చు కాదట, గింజంత చిప్పు.
తలుపు మూస్తుంది గాని గడియ పెట్టదు.
సందులోంచి కాస్త కారుతూనే ఉంటుంది,
ఈ ఎల్ఈడీల ప్రాణానికి ఆ చుక్క చాలు.

అటక మీంచి పాతకాలపు లావు బల్బు తెచ్చింది,
ఎర్రటిది, రంగు సగం రాలింది.
దాన్ని ఆ దండ చివర, కొమ్మలకు దూరంగా, చేర్చింది.
మళ్ళీ సున్నా.
ఈసారి నీలం మొత్తం నల్లబడింది.
కారేదంతా లోపలికి తీసుకుని
ఎర్ర బల్బు ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది.

డిసెంబరంతా వీధి పొడుగునా కార్లు,
అద్దాల వెనక పిల్లల ముఖాల మీద మా రంగులు.
నేను మాత్రం పాట చివర
అన్నీ ఆరే ఆ అర సెకను కోసం చూసేదాన్ని.
చీకటేనా?
చీకటే.
అయినా జేబుల్లోంచి చేతులు తీసేదాన్ని కాదు.